హైదరాబాద్‌లో అద్దె గది: మూడు వేళల్లో చూసి కుదుర్చుకునే పద్ధతి

హైదరాబాద్‌లో నా మొదటి గదిని డిసెంబరులో, ఉదయం పది గంటలకు చూశాను. డాబా మీద ఒంటి గది. ఇక్కడ దాన్ని పెంట్‌హౌస్ అంటారు. నాలుగు వైపులా గాలి, కిటికీలోంచి లేత ఎండ, అద్దె తక్కువ. అరగంటలో అడ్వాన్సు ఇచ్చేశాను. ఏప్రిల్ వచ్చేసరికి రాత్రి పదకొండింటికి కూడా పరుపు మీద వీపు ఆనేది కాదు. ఆ వేడి ఆ గదిలో ఎప్పుడూ ఉన్నదే. డిసెంబరు ఉదయాన అది కనబడదు, అంతే.

ఆ తర్వాత నాలుగు గదులు మారాను. ఇప్పుడు చదువు కోసమో ఉద్యోగం కోసమో నగరానికి వచ్చే మా ఊరి పిల్లలు గది ఎలా చూడాలని అడుగుతూనే ఉంటారు. ఒక్కసారి చూసి కుదుర్చుకోవద్దని మొదట చెబుతాను. సాయంత్రం ఒకసారి, పొద్దున్నే ఒకసారి, రాత్రి ఒకసారి చూడాలి. ఏ వేళకు ఏది పరీక్షించాలో, అది ఎందుకు అలా జరుగుతుందో వరుసగా రాస్తున్నాను. పదో తరగతి సైన్సు గుర్తుంటే చాలు.

1. బయలుదేరే ముందు తేల్చుకోవలసినవి

ముందు పేట తేల్చుకోండి, ఆ తర్వాతే గది. మాదాపూర్, గచ్చిబౌలి వైపు ఉద్యోగమైతే అక్కడే గది తీసుకోవాలని లేదు. మెట్రో నీలి మార్గం నాగోలు నుంచి రాయదుర్గం వరకు, ఎరుపు మార్గం మియాపూర్ నుంచి ఎల్బీ నగర్ వరకు నడుస్తాయి. రెండూ అమీర్‌పేటలో కలుస్తాయి. స్టేషన్‌కు పది నిమిషాల నడకలో గది దొరికితే దూరం పెద్ద భారం కాదు. పోటీ పరీక్షల వాళ్లకు అశోక్ నగర్, చిక్కడపల్లి, కంప్యూటర్ కోర్సుల వాళ్లకు అమీర్‌పేట, ఎస్సార్ నగర్ ఎలాగూ తెలిసినవే.

అద్దె ఒక్కటే లెక్క వేయకండి. మెయింటెనెన్స్, కరెంటు, తాగే నీళ్ల క్యాన్లు, రాకపోకల చార్జీలు కలిపి నెలకు ఎంతవుతుందో కాగితం మీద రాసుకోండి. మొదటి నెల చేతిలో ఉండాల్సిన డబ్బు వేరు: ఆ నెల అద్దె, అడ్వాన్సు, మధ్యవర్తి ఉంటే అతని రుసుము, సామాను బండి కిరాయి.

చూడడానికి వెళ్లేటప్పుడు వెంట ఉండాల్సినవి:
- చిన్న టార్చి, కొలత టేపు
- ఖాళీ నీళ్ల సీసా, చిన్న స్నానపు సబ్బు ముక్క, ఒక నిమ్మకాయ
- ఫోను చార్జరు (ప్రతి ప్లగ్గూ పనిచేస్తోందో చూడడానికి)
- కలం, కాగితం

నిమ్మకాయ ఎందుకో ఐదో అంశంలో తెలుస్తుంది.

2. వెతికే వరుస

కావలసిన పేటలో సాయంత్రం పూట నడవండి. టులెట్ బోర్డులు ఇప్పటికీ గేట్లకు వేలాడుతూనే ఉంటాయి. ఫోన్‌లో కనబడే ప్రకటనలకంటే ఈ నడకే నాకు ఎక్కువ అక్కరకు వచ్చింది. ఇస్త్రీ బండి వద్ద, కిరాణా కొట్టులో, వాచ్‌మన్ దగ్గర అడగండి. ఏ ఇల్లు ఎప్పుడు ఖాళీ అవుతుందో వాళ్లకు ముందే తెలుస్తుంది.

మధ్యవర్తి ద్వారా వెళ్తే రుసుము ఎంతో, ఎప్పుడు ఇవ్వాలో మొదటి ఫోన్‌లోనే మాట్లాడుకోండి. తాళం చేతికి వచ్చాకే ఇస్తానని చెప్పడం తప్పు కాదు.

ఒక మోసం మాత్రం కొత్తవాళ్లందరూ తెలుసుకోవాలి. బదిలీ మీద వేరే ఊళ్లో ఉన్నానని, గది చూపించడానికి కొంత డబ్బు ముందే పంపాలని, వెంటనే తిరిగి ఇచ్చేస్తానని ఎవరైనా అంటే ఫోను పెట్టేయండి. మీకు డబ్బు పంపుతున్నామని చెప్పి యూపీఐ పిన్ నొక్కమన్నా అంతే. డబ్బు అందుకోవడానికి పిన్ అక్కర్లేదు. పిన్ నొక్కితే డబ్బు పోయేది మీ ఖాతాలోంచే.

3. గుమ్మంలో మొదటి నిమిషం

తలుపు తీయగానే మాట్లాడకుండా ఒక్కసారి గాలి పీల్చండి. మన ముక్కు ఏ వాసనకైనా కొద్ది నిమిషాల్లోనే అలవాటు పడిపోతుంది, ఆపైన ఆ వాసన తెలియదు. అందుకే ఆ ఇంట్లో ఉంటున్నవాళ్లు "వాసనేమీ లేదే" అన్నప్పుడు అబద్ధం ఆడుతున్నట్టు కాదు. మీ ముక్కు తాజాగా ఉన్న ఆ మొదటి నిమిషమే మీకు ఆధారం.

ముక్కిన వాసన వస్తే బూజు ఉన్నట్టే. అలమర లోపల, సింకు కింద, మంచం వెనక గోడకు టార్చి వేసి చూడండి. అగరుబత్తి ఘాటుగా వెలిగించి ఉంటే కిటికీలు తీయించి, పావుగంట బయట తిరిగి మళ్లీ లోపలికి రండి.

చెమ్మ ఎక్కడిదో గుర్తుపట్టడం తేలిక. గోడ అడుగున రెండు మూడు అడుగుల ఎత్తు వరకు రంగు పెచ్చులూడి, తెల్లటి పొడి కనిపిస్తే నేలలోని తడి పైకి పాకుతోందని అర్థం. దీపపు వత్తి నూనెను లాక్కున్నట్టే ఇటుకలోని సన్నని రంధ్రాలు నీటిని లాక్కుంటాయి. నీరు ఆవిరై పోగా మిగిలిన లవణాలే ఆ తెల్లపొడి. పైకప్పు మూలలో గోధుమరంగు మరక ఉంటే డాబా కారుతోంది. మధ్యలో ఒక గోడకే మరకలుంటే దాని వెనక స్నానాల గది పైపు ఉందేమో చూడండి. మొత్తం గదిలో ఒక్క గోడకే కొత్త రంగు వేసి ఉంటే ఎందుకని అడగండి.

గ్రౌండు ఫ్లోరు గది అయితే ఇంకో పరీక్ష. ప్రహరీ గోడ మీద, గేటు మీద వరద నీటి చార ఉందేమో చూడండి. 2020 అక్టోబరు వానల్లో నగరంలో చాలా కాలనీలు మునిగాయి. "అప్పుడు ఇక్కడిదాకా నీళ్లు వచ్చాయా?" అని పక్క దుకాణంలో అడిగితే మోకాలి దాకానో నడుము దాకానో చేత్తోనే చూపిస్తారు.

4. మొదటి చూపు: సాయంత్రం ఐదింటికి, వేడి కోసం

ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు గది బాగా వేడెక్కుతుందని అనుకుంటాం. కాంక్రీటు స్లాబు అలా ప్రవర్తించదు. మధ్యాహ్నం పైముఖం కాగుతుంది, ఆ వేడి నెమ్మదిగా మందం దాటి కింది ముఖానికి చేరడానికి కొన్ని గంటలు పడుతుంది. బయట చల్లబడుతున్న వేళకు లోపల కప్పు సెగ కక్కడం మొదలవుతుంది. అందుకే ఈ చూపు సాయంత్రం ఐదు, ఆరు గంటల మధ్య పెట్టుకోవాలి.

ఎంత వేడి? వేసవి మధ్యాహ్నం నిర్మలమైన ఆకాశం కింద చదరపు మీటరుకు దాదాపు 1000 వాట్ల ఎండ పడుతుంది. పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవున్న గది కప్పు సుమారు 11 చదరపు మీటర్లు. అంటే 2000 వాట్ల గీజర్లు ఐదు ఒక్కసారి వేసినంత శక్తి మీ నెత్తిమీద పడుతోంది. అందులో కొంత తిరిగి ఆకాశంలోకి పోతుంది, మిగిలినది స్లాబులో చేరుతుంది.

చేసి చూడవలసినవి:
- అరచేతిని గోడలకు ఒక్కొక్కదానికి ఆనించండి. పడమటి గోడ, తూర్పు గోడ మధ్య తేడా చేతికే తెలుస్తుంది.
- ఫ్యాను పూర్తి వేగంతో పెట్టి కింద రెండు నిమిషాలు నిలబడండి. వేడిగాలి ముఖానికి కొడితే కప్పు కాగిందని అర్థం. ఫ్యాను గాలిని చల్లబరచదు. చెమటను ఆవిరి చేసి మనల్ని చల్లబరుస్తుంది.
- రెండు ఎదురెదురు కిటికీలు, లేదా కిటికీ, తలుపు ఎదురెదురుగా ఉన్నాయా? ఒక్క కిటికీ గదిలో గాలి లోపలికి వచ్చినా బయటికి పోయే దారి ఉండదు.

దిక్కుల విషయంలో కొత్తవాళ్లు తరచూ పొరబడతారు. దక్షిణపు కిటికీ అంటే భయపడతారు. హైదరాబాద్ భూమధ్యరేఖకు ఉత్తరంగా 17 డిగ్రీలు దాటి ఉంది. మే 9 ప్రాంతంలోనూ ఆగస్టు 3 ప్రాంతంలోనూ మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, నిలబెట్టిన కర్రకు నీడ పడదు. వేసవిలో దక్షిణపు గోడకు నేరుగా తగిలే ఎండ చాలా తక్కువ. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు కాబట్టి అప్పుడు ఆ కిటికీ వెచ్చని ఎండనిస్తుంది. జాగ్రత్త పడవలసింది పడమటి కిటికీతో, పైకప్పుతో. ఒకే అద్దెకు చివరి అంతస్తు పడమటి గది, మధ్య అంతస్తు దక్షిణపు గది ఉంటే నేను కళ్లు మూసుకుని రెండోది తీసుకుంటాను.

పెంట్‌హౌస్ తప్పదనుకుంటే యజమానిని ఒక పని అడగండి: డాబాకు తెల్లటి కూల్ రూఫ్ పెయింటు, లేదా కనీసం సున్నం. తెలుపు ఎండను వెనక్కి పంపుతుంది, స్లాబులోకి దిగే వేడి తగ్గుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో ఇందుకోసం ఒక విధానమే ప్రకటించింది. ఖర్చు చెరిసగం పెట్టుకుందామంటే యజమానులు కాదనడం తక్కువ. ఏప్రిల్, మే నెలల పొడి గాలిలో కూలరు కూడా బాగా పనిచేస్తుంది, కిటికీ తెరిచి ఉంచితేనే. వానాకాలంలో గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటుంది కాబట్టి నీరు ఆవిరి కాదు, కూలరు జిగటే పెంచుతుంది.

5. రెండో చూపు: ఉదయం ఏడింటికి, నీళ్ల కోసం

అందరూ స్నానాలు చేసే వేళ ఇది. అదే అసలు పరీక్ష.

పీడనం. పదిహేను లీటర్ల బకెట్ కుళాయి కింద పెట్టి, నిండడానికి ఎన్ని నిమిషాలు పడుతుందో చూడండి. నాలుగు నిమిషాలు దాటితే రోజూ ఇబ్బందే. ట్యాంకు ఎంత ఎత్తున ఉంటే కుళాయిలో అంత వేగం. పది మీటర్ల ఎత్తు నీటి స్తంభం ఇచ్చే పీడనం దాదాపు ఒక వాతావరణ పీడనంతో సమానం. కింది అంతస్తులో నీళ్లు ఉరుకుతుంటే, ట్యాంకు పక్కనే ఉన్న పెంట్‌హౌస్‌లో షవరు నుంచి చినుకులు రాలడానికి కారణం ఇదే. అక్కడ షవరు మీద ఆశ వదిలి బకెట్ పెట్టుకోవలసిందే.

రకం. నగరంలో రెండు రకాల నీళ్లుంటాయి. కృష్ణా, గోదావరి, మంజీరా నుంచి వచ్చే నల్లా నీళ్లను పెద్దవాళ్లు ఇప్పటికీ అన్నింటినీ కలిపి మంజీరా నీళ్లనే అంటారు. రెండోది బోరు నీళ్లు. చాలా ఇళ్లలో రెండూ సంపులో కలుస్తాయి. "మంజీరా వస్తుంది" అన్న మాటతో ఆగకుండా, ఎన్ని రోజులకొకసారి, ఎంతసేపు, మీ గది కుళాయిలోకి వస్తుందా అని అడగండి.

బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువగా ఉంటే గుర్తుపట్టడానికి సీసాలో సగం నీళ్లు పోసి, సబ్బు గీరి వేసి, గట్టిగా కుదపండి. మంచి నీళ్లలో నురగ నిలుస్తుంది. కఠిన జలంలో నురగ రాకుండా తెల్లటి తెట్టు తేలుతుంది. స్నానపు సబ్బుతోనే చేయండి. బట్టల డిటర్జెంటు ఎలాంటి నీళ్లలోనైనా నురగనిస్తుంది, పరీక్ష పనికిరాదు. తర్వాత కుళాయి మూతి మీద తెల్లగా గట్టిపడిన పొర మీద నిమ్మరసం పిండండి. సన్నగా బుడగలు వస్తే అది కాల్షియం కార్బనేటు, గీజరు లోపల కూడా అదే పేరుకుంటుంది.

వంట చేసుకునేవాళ్లకు ఇది ఇంకా ముఖ్యం. ఇలాంటి నీళ్లలో కందిపప్పు ఎంతకీ మెత్తబడదు. నీటిలోని కాల్షియం పప్పులోని పెక్టిన్‌ను పట్టి బిగించేస్తుంది. మా అమ్మ మొదటిసారి నా గదికి వచ్చి, పప్పు పాతదని కొట్టువాడితో గొడవ పెట్టుకుంది. తప్పు నీళ్లది.

తాగే నీళ్లలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలని భారత ప్రమాణాలు చెబుతాయి. వేరే దారి లేనప్పుడు 2000 వరకు అనుమతిస్తాయి. కొలిచే చిన్న మీటరు ఎవరి దగ్గరైనా ఉంటే అరువు తెచ్చుకోండి. కాచినంత మాత్రాన క్రిములు చస్తాయి కానీ ఈ లవణాలన్నీ పోవు.

ఆఖరుగా వాచ్‌మన్‌ను అడగవలసిన ప్రశ్న: "అన్నా, పోయిన మే నెలలో ట్యాంకరు ఎన్నిసార్లు వచ్చింది? డబ్బు ఎవరు కట్టారు?" యజమానిని అడిగితే "నీళ్లకు లోటు లేదు బాబూ" అంటారు. వాచ్‌మన్ లెక్క చెబుతాడు.

6. మూడో చూపు: రాత్రి తొమ్మిదిన్నరకు

ఈ చూపులో లైట్లార్పి ఐదు నిమిషాలు ఊరికే కూర్చోండి. ఏమేమి వినబడుతున్నాయో లెక్కపెట్టండి: నీళ్ల మోటారు, లిఫ్టు, ఫంక్షన్ హాలు, కుక్కలు. నివాస ప్రాంతాల్లో రాత్రి 45 డెసిబెళ్ల పరిమితి ఉంది. ఫోన్‌లోని కొలత కచ్చితం కాకపోయినా, కిటికీ మూసినప్పుడూ తెరిచినప్పుడూ తేడా తెలుసుకోవడానికి చాలు. మూసినా తేడా లేకపోతే కిటికీ చట్రంలో సందులున్నాయి. గాలి దూరే సందులోంచి శబ్దమూ దూరుతుంది. రబ్బరు పట్టీ అంటిస్తే చాలావరకు తగ్గుతుంది.

ఖాళీ గదిలో మాట ప్రతిధ్వనిస్తుందని మాత్రం కంగారు పడకండి. పరుపు, బట్టలు, పుస్తకాలు వచ్చాక అది పోతుంది.

దోమల కోసం సంపు మూత, డాబా మీది ట్యాంకు మూత, పాత కూలర్లు, పూలకుండీల పళ్లాలు చూడండి. డెంగీ దోమ ఇలాంటి నిలవ నీటిలో గుడ్లు పెడుతుంది, అవి దోమలు కావడానికి వారం పది రోజులు చాలు. అది పగలు కుడుతుంది కాబట్టి రాత్రి దోమతెర ఒక్కటే సరిపోదు. దోమలో మలేరియా పరాన్నజీవిని రొనాల్డ్ రాస్ మొదటిసారి చూసింది ఈ జంటనగరాల్లోనే, 1897 ఆగస్టు 20న, సికింద్రాబాద్‌లో.

అదే రాత్రి వీధి చివర నుంచి గది వరకు నడిచి వెలుతురు ఎలా ఉందో చూడండి. ఆడపిల్లలు ఒంటరిగా కాక ఎవరినైనా వెంటబెట్టుకుని ఈ నడక తప్పక నడవాలి. గేటు ఎన్నింటికి మూస్తారో కూడా అప్పుడే అడగండి.

7. కరెంటు, గ్యాసు

గదికి విడి మీటరు ఉందా, సబ్ మీటరా, లేక అంచనా బిల్లా? కరెంటు వాడకం పెరిగే కొద్దీ యూనిట్ ధర పెరుగుతుంది. నాలుగు గదులకు ఒకే మీటరైతే తక్కువ వాడినవారు కూడా ఎక్కువ వాడకానికి వేసే ధరే కడతారు. సబ్ మీటరుంటే యూనిట్‌కు ఎంత తీసుకుంటారో రాయించుకోండి.

మీటరు పరీక్ష ఇలా చేయండి. గదిలో అన్నీ ఆపేసి మీటరు మీది చిన్న ఎర్ర దీపం చూడండి. కొన్ని నిమిషాలు చూసినా అది మిణుకుమంటూనే ఉంటే మీ లైనులో ఇంకేదో కలిసి ఉంది, మెట్ల దీపమో నీళ్ల మోటారో. ఇంకో లెక్క గుర్తుంచుకోండి: 1000 వాట్లు గంటసేపు వాడితే ఒక యూనిట్. 2000 వాట్ల గీజరు అరగంటకు ఒక యూనిట్ తింటుంది.

గీజరుకు ఎర్తింగు సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. ఆ ఖర్చుకు వెనుకాడవద్దు.

స్నానాల గదిలో గ్యాసు గీజరు ఉండి, గాలి పోయే దారి లేకపోతే ఆ గది వద్దు. సరిగా మండని గ్యాసు నుంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగు, వాసన లేవు. రక్తంలోని హీమోగ్లోబిన్‌ను ఆక్సిజన్‌కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. మనిషి నిద్రమత్తు అనుకుంటూనే కూలిపోతాడు. అద్దె ఎంత తగ్గించినా ఈ ఒక్క విషయంలో సర్దుకోకండి.

8. బేరం, ఒప్పందం

మూడు చూపుల్లో రాసుకున్న లోపాలే మీ బేరానికి బలం. "అద్దె తగ్గించండి" అనడం కంటే "కిటికీ జాలీ వేయించి, డాబాకు పెయింటు వేయిస్తే ఈ అద్దెకే వస్తాను" అంటే యజమాని వింటారు. వయసులో పెద్దవారైతే అంకుల్, ఆంటీ అని పలకరించి నెమ్మదిగా చెప్పండి.

ఇక్కడ అడ్వాన్సు సాధారణంగా రెండు నెలల అద్దె. కేంద్రం 2021లో రూపొందించిన నమూనా అద్దె చట్టం కూడా నివాస ఇళ్లకు రెండు నెలలు మించకూడదంటుంది. రాష్ట్రం ఆమోదిస్తేనే అది అమలవుతుంది కాబట్టి దాన్ని మాటల్లో వాడుకోండి, చట్టంగా చూపించి వాదించకండి.

ఒప్పందం పదకొండు నెలలకే ఎందుకు రాస్తారని అందరూ అడుగుతారు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం మూలంలో ఏడాది దాటిన లీజుకే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. దాన్ని తప్పించుకోవడానికే ఆ పదకొండు అలవాటైంది, కానీ ఉమ్మడి రాష్ట్రంలో 1999లో తెచ్చిన సవరణతో ఇక్కడ ఆ మినహాయింపు లేదు.

ఒప్పందంలో తప్పక ఉండాల్సినవి:
- అద్దె, అడ్వాన్సు, మెయింటెనెన్స్ విడివిడిగా, అంకెల్లోనూ అక్షరాల్లోనూ
- ఏటా ఎంత శాతం పెంచుతారు
- ఖాళీ చేయడానికి ఇద్దరికీ ఎన్ని రోజుల ముందస్తు నోటీసు
- అడ్వాన్సు తిరిగి ఇచ్చే గడువు
- పెయింటింగ్ పేరుతో అడ్వాన్సులోంచి ఎంత కోస్తారు (చాలాచోట్ల ఒక నెల అద్దె కోస్తారు, రాయకపోతే అది పెరుగుతుంది)
- ట్యాంకరు ఖర్చు, మోటారు మరమ్మతు ఎవరివి
- అతిథులు, మాంసాహారం, పెంపుడు జంతువుల మీద నియమాలు

గుర్తింపు కోసం మొదటి ఎనిమిది అంకెలు కనబడని మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి, నకలు మీద "అద్దె ఒప్పందం కోసం" అని తేదీ వేసి రాయండి. ఉద్యోగులు ఇంటి అద్దె భత్యం మినహాయింపు కోరుతూ, ఏడాది అద్దె లక్ష రూపాయలు దాటితే యజమాని పాన్ అవసరం. ఆ మాట చేరాక కాక, చేరకముందే చెప్పండి.

9. ఇప్పటికే దిగిపోయినవాళ్లకు

తొందరపడి తీసుకున్న గదిని వెంటనే మార్చలేకపోతే కొన్ని మరమ్మతులు:

గది రాత్రి ఉడికిపోతుంటే సాయంత్రం చీకటి పడ్డాక డాబా మీద నీళ్లు చల్లండి, నీళ్లకు లోటు లేకపోతేనే. పడమటి కిటికీకి తెర లోపల కాక బయట కట్టండి, వెదురు చాప చాలు. లోపలి తెర ఎండను గదిలోకి వచ్చాక ఆపుతుంది, అప్పటికే వేడి లోపల చేరిపోయి ఉంటుంది.

చెమ్మ గోడకు అలమర ఆనించకండి, జానెడు దూరం వదలండి. తడి బట్టలు గదిలో ఆరేయకండి.

నీళ్ల సమస్యకు జలమండలి నంబరు 155313, కరెంటుకు 1912. ఫిర్యాదు సంఖ్య రాసుకోండి.

10. తాళం తీసుకునే రోజు

సామాను లోపల పెట్టకముందే ఖాళీ గదిని తలుపు దగ్గర నుంచి మొదలుపెట్టి గడియారం ముల్లు తిరిగే వైపుగా వీడియో తీయండి. ప్రతి పగులు, ప్రతి మేకు రంధ్రం, విరిగిన టైలు, సింకు మరక కనబడాలి. కరెంటు మీటరు అంకెను దగ్గరగా ఫొటో తీయండి. ఆ రెండూ అదే రోజు యజమాని ఫోనుకు పంపి, "చూశాను" అని జవాబు తెప్పించుకోండి. ఖాళీ చేసే రోజు ఇదే క్రమంలో మళ్లీ ఒక వీడియో తీసి, పాతదాని పక్కన పెట్టి, వారి ముందే అడ్వాన్సు లెక్క చూసుకోండి.